ఏ గొట్టమునుండియు వెలువడని విషము

1943 జూలైలో అమెరికాయందలి లాస్ ఏంజిలిస్ నగరమును దట్టమైన పొగ క్రమ్ముకొనెను. ప్రజల కన్నులు మండి నీరు కారెను. యుద్ధకాలమగుటచే శత్రువులు విషవాయువు వదలిరని కొందరు భయపడిరి. ఒక కర్మాగారమును అనుమానించి మూయించిరి. పొగ మాత్రము పోలేదు.

పెట్రోలు ఆవిరులు, నత్రజని ఆక్సైడులు ఎండ తగిలి గాలిలోనే క్రొత్త విషములుగా మారుచున్నవని 1952 నాటికి ఆరీ హాగెన్-స్మిట్ అను రసాయనజ్ఞుడు వెల్లడించెను. అట్టి విషములలో ఒకదానికి, స్వరూపము తెలియక, శాస్త్రజ్ఞులు మొదట ‘ఎక్స్’ అని పేరిడిరి. అదియే పెరాక్సీఎసిటైల్ నైట్రేట్. క్లుప్తముగా పాన్ అందురు. కిళ్ళీకొట్టులోని పానుతో దీనికి పొత్తు లేదు!

ఇది ఏ పొగగొట్టమునుండియు రాదు. కావున దీనిని పుట్టినచోట పట్టుట సాధ్యము కాదు. వాహనములు, కర్మాగారములు విడుచు మూలవాయువులనే తగ్గింపవలెను. ఇది కంటికే కాక పైరుకును చేటు. పాలకూర వంటి ఆకుల అడుగుభాగము వెండిపూత పూసినట్లు మెరసి, పిదప కంచురంగునకు తిరుగును. వెచ్చని గాలిలో పాన్ కొద్ది గంటలలోనే విడిపోవును. ఎత్తున, చల్లని గాలిలో నెలలతరబడి నిలిచి దూరదేశములకు పయనించును. అచ్చట వెచ్చదనము తగిలినంతనే విచ్ఛిన్నమై నత్రజని డయాక్సైడును వదలి, ఓజోను పుట్టుకకు దోహదమగును.

వాహనముల రద్దీ గల పట్టణములలో ఎండవేళ కన్నులు మండినచో నలుపరాదు. చల్లని శుభ్రమైన నీటితో కడుగవలెను. ముక్కునకు కట్టిన గుడ్డ ధూళిని కొంత ఆపునే గాని వాయువును ఆపజాలదు. ఉబ్బసము గలవారును, పిల్లలును అట్టి దినములలో మధ్యాహ్నపు పరుగులు, ఆటలు మాని, సాయంకాలము ప్రొద్దు వాలిన పిమ్మట బయలువెడలుట మేలు.