ఆటలో తీర్పు, పునర్విచారము



మన ఇల్లందు ప్రాంతమున చెడుగుడు ఎరుగనివారు లేరు. కూతకు పోయినవాని ఊపిరి విరిగినదా, గీత దాటకమునుపే వానిని పట్టిరా యను తగవు ఆ యాటతోడనే పుట్టినది. పూర్వము గట్టుమీద కూర్చున్న పెద్ద యొకడు దానిని తీర్చెడివాడు. నేడు క్రికెట్టు ప్రబలినది; తీర్పరిని అంపైరందురు. తగవు మాత్ర మదియే. అయితే ఇప్పటి పిల్లలు సెల్‌ఫోనులో బొమ్మ పట్టి తెచ్చి, "తాతా, నువ్వే చూసి చెప్పు" అని మన ముందు పెట్టుచున్నారు. అందుచేత ఈ బొమ్మల సాక్ష్య మెంతవరకు చెల్లునో మన మెరుగవలసియున్నది.

ఈ పద్ధతి అంతర్జాతీయ క్రికెట్టున 1992 నవంబరులో, దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున మొదలైనది. మన జట్టునకు నాయకుడు హైదరాబాదువాడైన అజహరుద్దీను. సచిన్ తెండూల్కరు పరుగునకు బయలుదేరి వెనుకకు మరలునంతలో వికెట్టు పడినది. అతడు గీత లోపలికి చేరెనా లేదా యని మైదానములోని అంపైరు తాను చెప్పక, టెలివిజను ముందు కూర్చున్న మూడవ అంపైరు నడిగెను. ఔటని వచ్చెను. బొమ్మనుబట్టి తీర్పొందిన మొదటి యాటగాడు మన సచినే.

ఆ కాలమున బొమ్మ చూచుట అంపైరు ఇష్టము; ఆటగాడు అడుగుటకు వీలులేదు. దాని ఫలితము 2008 జనవరిలో సిడ్నీలో తేలినది. ఆస్ట్రేలియావాడైన సైమండ్సు ముప్పది పరుగులకడ నుండగా బంతి అతని బ్యాటు నంటి వికెట్‌కీపరు చేత పడినది. అంపైరు బక్నరు ఔటీయలేదు. సైమండ్సు 162 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. బంతి తగిలిన మాట నిజమేనని ఆ దినమున ఆట ముగిసినపిమ్మట తానే యొప్పుకొనెను. మన లక్ష్మణుడు 109 పరుగులు చేసినను ఫలము లేకపోయెను. 122 పరుగులతో ఓడితిమి. మనవారు గోల పెట్టగా తరువాతి పెర్తు ఆటకు బక్నరును మార్చిరి.

ఆ యేడే జులైలో శ్రీలంకయందు ఆటగాడే పునర్విచారము కోరు ఏర్పాటును పరీక్షించిరి. దీనినే రివ్యూ అనుచున్నారు. చిత్రమేమనగా, సిడ్నీలో మొరపెట్టిన మనవారే దీనిని నమ్మక, చాల యేండ్లు టెస్టు పంద్యములలో వలదనుచు వచ్చి, 2016 నవంబరులో ఇంగ్లాండువారితో ఆడునప్పుడు గాని సమ్మతింపలేదు. ఆ శంక నిష్కారణము కాదు.

గీత చేరెనా లేదా యనునది ప్రత్యక్షము. కన్ను చూచినదానినే యంత్రము మెల్లగా చూపును. ఎల్బీడబ్ల్యూ అట్టిది కాదు. బంతి కాలికి తగిలి ఆగిపోయినది. కాలు అడ్డము రానిచో వికెట్టునకు తగిలియుండునా యని ప్రశ్న. జరుగని దానిని ఏ బొమ్మయు చూపజాలదు. పొగను చూచి నిప్పు నూహించినట్లు, వచ్చిన దారినిబట్టి పోబోవు దారిని యంత్రము గణించును. ఇది అనుమానప్రమాణము. అందుచేతనే, ఆ గణనలో బంతి సగముకన్న తక్కువగా వికెట్టునకు తగులునని వచ్చినచో అంపైరు మొదట చెప్పినదే నిలుచును. ఒకే బంతికి ఒకరికి ఔటు, ఒకరికి కాదా యని కుర్రవాండ్రు మండిపడుదురు. నాకది సమంజసముగనే తోచును. ఊహ పలుచబడినచోట దగ్గర నిలిచి చూచినవాని మాట చెల్లవలెను గదా.

ఊరక మరల మరల అడుగకుండుటకు గూడ హద్దు పెట్టిరి. నేడు టెస్టు ఆటలో ఒక్కొక్క ఇన్నింగ్సునకు ఒక్కొక్క జట్టు మూడు మారులు అడిగి యోడవచ్చును, ఆపైన నోరెత్తరాదు. గెలిచిన విన్నపము లెక్కకు రాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, న్యాయముగా నోడియు ఓడలేదని మరల వచ్చి రెండవమా రోడినవానికి ఇమ్మడి దండుగ విధింపబడినది. తప్పుగా తీర్చిన వ్యవహారమును రాజు మరల విచారించి, తీర్పరులను, గెలిచినవానిని గూడ దండింపవలెనని అందే కలదు. బక్నరు సంగతి విన్నప్పుడు నాకిది జ్ఞప్తికి వచ్చినది.

అమెరికావారి బేస్‌బాల్‌లో వరుసగా ఇరువది యేడుగురిని ఒక్కనినైన నిలువనీయక ఔటు చేయుట మహాఘనత. 2010 జూనులో డెట్రాయిటున గాలరాగా యనువాడు ఇరువది యార్గురిని చేసి, కడపటివానిని గూడ చేసెను. కాని అంపైరు జిమ్ జాయిసు కాదనెను. పిమ్మట బొమ్మ చూచి, తప్పు నాదేయని కన్నీరు పెట్టుకొనెను. తీర్పును మార్చుటకు నాడు విధి లేదు. మరునాడు గాలరాగాయే అతని చేతికి జట్టు పట్టికనిచ్చి చేయి కలిపెను. బొమ్మ చూచి తీర్పు దిద్దుకొను అధికారము విరివిగా వచ్చినది 2014లో.

ఇక మన పిల్లల ఫోను. సాధారణముగా అది క్షణమునకు ముప్పది బొమ్మలు తీయును. గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో పోవు బంతి ఒక బొమ్మకు మరియొక బొమ్మకు నడుమ రమారమి మూడడుగులు సాగును. ఆ మూడడుగులలో బ్యాటు తగిలినదా లేదా అది చూడనే లేదు. వడిగా పరుగెత్తువాడు సైతము ఆ నడుమ జానెడు ముందునకు పోవును. ప్రక్కకు నిలిచి తీసినచో గీత దాటనివాడు దాటినట్లును, దాటినవాడు దాటనట్లును కనబడును.

కావున నన్నడిగినవారితో నేననునది ఇది. ఆటకు ముందే ఇరుజట్లును ఒప్పుకొన్నచో పరుగు తీయునప్పటి ఔటునకు మాత్రము ఫోను చూడవచ్చును. దానిని గీతకు సూటిగా గుంజకు కట్టి కదలకుండ నిలుపవలెను. చేత పట్టి తీసినది పనికిరాదు. జానెడులోపు తగవైనచో అంపైరు మాటయే నిలువవలెను. ఎల్బీడబ్ల్యూ అందురా, మన పల్లెలలో చాలచోట్ల అది లేకుండనే ఆడుచున్నారు. ఆ కట్టుబాటు చేసినవా డెవడో బుద్ధిమంతుడు.