ప్రవరుడికి లేని తోడు

"మంచు" అన్న మాట వినగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి స్ఫురించేది ధనుర్మాసపు వేకువ. నాగావళి మీద, వంశధార మీద తెల్లని తెరవలె వ్రాలి, పొద్దు బారెడెక్కేసరికి జాడ లేకుండా పోయేది ఆ మంచు. గడ్డిపరక కొనను నిలిచిన బిందువూ మంచే. ఎదుటి మనిషిని కనబడనీయని పొగా మంచే. హిమవత్పర్వత శిఖరాల మీద ఏడాది పొడుగునా కరగక నిలిచే రాశీ మంచే. ఇన్నింటికీ తెలుగు ఒక్క మాటతో సరిపెట్టుకొన్నది. అమరకోశంలో తుషారం, తుహినం, నీహారం, ప్రాలేయం మొదలైన పేర్లు ఏడు కనిపిస్తవి. పెద్ద మంచురాశికి "హిమాని" అని వేరు పేరు కూడ ఉన్నది. తెలుగుకు ఇది లోపం కాదు. ఇంట లేని వస్తువుకు పేర్లు పెట్టుకొనేవారెవరు?

ఉత్తరాంధ్రకు కొండలు లేకపోలేదు. మందస వైపునుండి చూస్తే ఆకాశాన్ని ఆనుకొన్నట్లుండే మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి సుమారు ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన శివరాత్రికి కొండ ఎక్కిన భక్తుడికి చలి తగులవచ్చును గాని, 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ఎత్తున మంచు నేలమీద పేరుకొనదు. అందుచేత మన ప్రాంతపు విద్యార్థి మంచుకొండను మొదట చూసేది కంటితో కాదు, కావ్యంలో. చూపించేవాడు అల్లసాని పెద్దన.

మనుచరిత్రలోని ప్రవరుని కథ ఉపాధ్యాయులకు, విద్యార్థులకు సుపరిచితమే. వరణాతీరాన అరుణాస్పదపురంలో గృహస్థధర్మం తప్పక నడుచుకొనే ఆ విప్రునికి దేశాలు చూడవలెనన్న కోరిక. ఇంటికి వచ్చిన సిద్ధుడొకడు పాదాలకు పసరు పూస్తాడు. ఆ పాదలేప మహిమతో ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరుతాడు. చూసినంత చూసి మరలబోయే వేళకు, మంచునీటికి పసరు కరగిపోయినదని తెలుసుకొంటాడు. తరువాత వరూధిని రావడం, ఆతడామెను నిరాకరించడం, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరడం లోకవిదితం. తరగతిలో ఈ కథకు వ్యాఖ్యానం ప్రవరుని నిష్ఠతో, వరూధిని మోహంతో ముగుస్తుంది. కాని మంచుదారి ఎరిగినవారు ఇదే కథను చదివితే మరొక సంగతి కంటబడుతుంది. ప్రవరుడు ఒంటరిగా పోయినాడు. పోవడానికి సాధనం చూచుకొన్నాడు. రావడానికి తోడును చూచుకొనలేదు.

మంచుమీద పయనించేవారికి నేటికీ పాదలేపం ఉన్నది. పాదాలకు కట్టుకొనే పొడవైన సన్నని పలకలను స్కీలంటారు. వాటి అడుగున మైనం పూస్తారు. మంచు తడిగా ఉంటే ఒక మైనం, పొడిగా ఉంటే మరొకటి. పూత కుదరకపోతే చెక్క జారదు, లేదా పట్టు నిలువదు. ఫ్లోరిన్ కలిపిన మైనం అన్నింటికంటె వేగంగా జారుతుందని క్రీడాకారులు చాలాకాలం మెచ్చుకొన్నారు. అది మంచుతో కరగి నేలలో, నీటిలో నశించక నిలిచిపోతున్నదని తెలిసిన పిమ్మట అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 పోటీల కాలంనుండి దానిని పూర్తిగా నిషేధించింది.

"స్కీ" అన్నది ప్రాచీన నార్స్ భాషలో చీల్చిన కట్టెకు పేరు. దీనికి తెలుగులో "హిమఫలకం" వంటి పేరు కల్పించడం కష్టం కాదు. అది నాలుకలమీద నిలుస్తుందా అన్నదే ప్రశ్న. జీవద్భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన గడ్డ ఇది. జనం నోట నిలిచిన మాటనే వాడుకొనడం ఈ గడ్డవారికి తగును.

స్కీ మొదట వినోదం కాదు. శీతకాలంలో ఊరికీ ఊరికీ నడుమ బ్రతుకుదారి. ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యం చేస్తున్న కాలంలో, 1206లో, నార్వేలో అంతర్యుద్ధం సాగుతున్నది. రెండేండ్లైనా నిండని రాజకుమారుడు హాకోన్‌ను శత్రువుల చేత చిక్కకుండా ఇద్దరు యోధులు స్కీలమీద మంచుకొండలు దాటించారు. ఆ పసివాడే పెరిగి రాజైనాడు. దాని జ్ఞాపకార్థం 1932లో ప్రారంభమైన పోటీలో నేటికీ ప్రతివాడూ వీపున మూడున్నర కిలోల బరువు మోయవలె. ఆ మూట ఆనాటి బిడ్డకు గుర్తు. మంచుమీద పోయేవాడు తన్నొక్కణ్ణే మోసుకొని పోడని చెప్పడానికి ఇంతకంటె చక్కని ఆచారం ఉండబోదు. 1888లో గ్రీన్‌లాండును స్కీలమీద తొలిసారి అడ్డంగా దాటిన నాన్సెన్ కూడ ఒంటరివాడు కాడు. వెంట అయిదుగురున్నారు, వారిలో ఇద్దరు మంచును పుట్టుకతో ఎరిగిన సామీ జాతివారు.

రెండు చెక్కల స్కీకి తమ్ముడు ఒంటిపలక స్నోబోర్డు. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ళ ఆటకోసం రెండు స్కీలను జోడించి కట్టడంతో దాని కథ మొదలైందంటారు. 1998 నాగానో ఒలింపిక్సులో అది పోటీక్రీడగా నిలిచింది. దానిమీద మనిషి దారికి ఎదురుగా కాక పక్కవాటుగా నిలుస్తాడు. కళింగపట్నం తీరాన తెప్పమీద నిలిచి అలను దాటే జాలరిని చూచినవారికి ఆ నిలుపు అర్థమౌతుంది. జారుడు సుఖం సైతం మనకు కొత్త కాదు. తాటిమట్టమీద ఒకడు కూర్చుంటే మరొకడు ఇసుకలో లాగే ఆట పల్లెపిల్లలందరిదీ. ఆ ఆటకు ఇద్దరు కావలె. లాగేవాడు లేకపోతే తాటిమట్ట వట్టి మట్టే.

భారతదేశంలో ఈ క్రీడకు పుట్టినిల్లు కాశ్మీరంలోని గుల్‌మార్గ్. 1927లో ఇద్దరు ఆంగ్ల సైనికాధికారులు అక్కడ స్కీ సంఘం స్థాపించారు. నేడక్కడి తీగదారి మనుషులను అఫర్వత్ కొండమీద సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. రెండవ క్షేత్రం గఢ్వాలులోని ఔలీ. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలు తొలిసారి జరిగినది డెహ్రాడూన్‌లో, ఇక్కడ. కొత్తవారికి ఇక్కడి ప్రభుత్వ సంస్థ వారం, రెండు వారాల శిక్షణ ఇస్తుంది. పుష్యమాసం నుండి ఫాల్గుణం వరకు ఇక్కడి కాలం. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా పోయే సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, హృషీకేశం నుండి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగలు దాటి సుమారు 250 కిలోమీటర్లు పోతే జోషీమఠం, పైన ఔలీ. వేసవిలో మన యాత్రికులు బదరికి పోయే దారే ఇది. శీతకాలంలో బదరీనాథుని ద్వారాలు మూసిన పిమ్మట ఆ దారినే పోయేవారు స్కీలు పట్టిన యువకులు.

ఇటువంటి యాత్రకు నలుగురు మిత్రులు కలిసి పోయినప్పుడు మొదట నేర్చుకొనేది జారడం కాదు, పడడం. పక్కకు ఒరిగి పడవలె, పడి లేవవలె. తరువాతి పాఠం నిలుపుకొనడం. రెండు చెక్కల ముందుకొసలను దగ్గరగా, వెనుకకొసలను దూరంగా ఉంచి లోపలి అంచులను మంచులోకి నొక్కితే వేగం తగ్గుతుంది. తొలి రెండు రోజులు ఒకరి పాటు చూచి మరొకరు నవ్వడంతోనే గడుస్తవి. నాలుగవనాటికి భయం తీరుతుంది, వారానికి వాలు పరిచయమౌతుంది. ఎదుట 7,816 మీటర్ల నందాదేవి వెలుగుతూ ఉండగా, చెక్కలకింద మంచు కోసుకొనే మెల్లని చప్పుడు తప్ప మరేదీ వినబడని ఆ క్షణాలకోసమే మనుషులు ఏటేటా తిరిగి పోతారు.

అయితే దిద్దిన వాలు విడిచి అఫర్వత్ వంటి కొండల పచ్చిమంచులో దిగేవారికి నియమాలు వేరు. ఎప్పుడు ఏ పొర జారి హిమపాతమై విరుచుకొనిపడుతుందో తెలియదు. అందుకని ప్రతివాని దగ్గరా మూడు వస్తువులుండవలె: ఒంటికి కట్టుకొనే సంకేతయంత్రం, మంచులో దింపి వెదకే పొడవైన కడ్డీ, చిన్న పార. మంచుకింద కూరుకొన్నవానిని తొలి పది పదిహేను నిమిషాలలో వెలికి తీయగలిగితే బ్రతికే అవకాశం ఎక్కువ; అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. ఊరినుండి సహాయం వచ్చేందుకు వ్యవధి లేదు. తీయవలసినవారు పక్కనున్న మిత్రులే. ఈ మూడు వస్తువులను నిదానించి చూస్తే ఒక విశేషం తోస్తుంది. పూడిపోయినవానికి తన పార పనికిరాదు. ఆ పార మిత్రునికోసం. తన ప్రాణం మిత్రుని వీపునున్న పారలో ఉన్నది. స్నేహధర్మాన్ని గురించి శతకకారులు చెప్పినదంతా ఆ పార ఒక్కటే చెబుతుంది.

స్నేహితులు రక్షకులే కాక ఆపదకు కారకులు కావడమూ కద్దు. కాలం గడిచిన కొద్దీ ధైర్యం పెరిగి జాగ్రత్త తరుగుతుంది. నలుగురున్నారు గదా అన్న ధీమా ఒకటి, వెనుకంజ వేస్తే నవ్వుతారేమో అన్న సంకోచం మరొకటి. ఒక్కడైతే దిగని వాలులోకి గుంపుగా దిగుతారు. అనుభవజ్ఞులు అందుకే రెండు కట్టుబాట్లు చెప్పుకొంటారు: ప్రమాదమున్న వాలును ఒక్కొక్కరే దాటవలె, మిగిలినవారు కన్ను మరల్చక చూడవలె, గుంపులో ఏ ఒక్కరు "వద్ద"న్నా అందరూ మరలవలె. ఆ "వద్దు" అనగలిగినవాడే ఆ జట్టులో నిజమైన ధీరుడు.

మంచుకొండల ఆపదలు ఉత్తరాంధ్రకు దూరమని అనుకొనడం పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో చెట్లు కూలినవి, తోటలు నేలమట్టమైనవి, ఊళ్ళు రోజులతరబడి చీకటిలో ఉన్నవి. ఆ గాలివాన అక్కడితో చావలేదు. ఉత్తరానికి సాగి, 14వ తేదీన నేపాలులోని అన్నపూర్ణ పర్వతప్రాంతంపై మంచుగా కురిసింది. ఆ ప్రాంతంలో ఉన్న యాత్రికులు, కొండవారు కలిసి నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. బంగాళాఖాతపు నీరే రెండు రోజులలో హిమాలయంపై మంచైంది. మన జీడితోటను కూల్చిన మేఘమూ, అక్కడ బాటసారిని కప్పిన మేఘమూ ఒక్కటే.

ఇక ఇప్పటి దిగులు వేరు. శీతకాలంలో హిమాలయానికి మంచు తెచ్చేది పడమటినుండి, మధ్యధరా సముద్రం వైపునుండి వచ్చే వాయుసంచలనాలు. అవి తప్పితే మంచు లేదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ మైదానం చాలా రోజులు బోడిగా ఉన్నది. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన జాతీయ శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడినవి. ఔలీ కింద జోషీమఠం పట్టణమే నేలలో క్రుంగింది. ఆ ఊరు ప్రాచీనమైన కొండచరియల శిథిలాలపై నిలిచి ఉన్నదని, భారీ కట్టడాలు తగవని 1976లోనే మిశ్రా సంఘం హెచ్చరించింది. 2023 జనవరిలో వందలాది ఇండ్లు బీటలు వారినవి. ఔలీకి పోయే తీగదారిని ఆపివేయవలసి వచ్చింది. ఆ ఊరిలో నరసింహస్వామి ఆలయమొకటి ఉన్నది. స్వామి చేయి ఒకటి నానాటికీ సన్నబడుతున్నదని, అది విరిగిననాడు బదరికి దారి మూసుకొనిపోతుందని అక్కడివారి ఐతిహ్యం. సింహాచలేశుని కొలిచే ఉత్తరాంధ్రులకు ఆ మాట మనస్సును తాకక మానదు.

పెద్దన కథలో మంచు చెక్కుచెదరక నిలిచింది, పసరు కరగిపోయింది. నేడు పసరులు ఎన్నో కనిపెట్టారు, కరగిపోతున్నది మంచు. ఆ మంచే గంగ, యమున. కోట్లమంది త్రాగే నీరు. దానిమీద వారం రోజులు ఆడుకొని వచ్చే యువకుడికి ఆ కొండ వినోదస్థలమే కాదు, తనను మోసిన తోడు కూడ. తోటివాని వీపున పార ఉన్నదా అని చూచుకొన్నట్లే, ఆ కొండకు భారమౌతున్నామా అని కూడ చూచుకొనవలె. ప్రవరుణ్ణి ఇంటికి చేర్చడానికి అగ్నిదేవుడు దిగి వచ్చినాడు. మనవారిని చేర్చడానికి ఉన్నది పక్కన నడిచే మిత్రుడు, కాలికింద కొండ. రెండింటినీ కాపాడుకొన్నవాడే మళ్ళీ యేడు ఆ దారి పట్టగలుగుతాడు.