ఉత్తుత్తి డబ్బుకు తూము ఎందుకు?

"మా అబ్బాయి ఆడే కార్ల పందెం ఆటలో గెలిస్తే వచ్చే సొమ్మును ఉన్నట్టుండి తగ్గించేశారట. అదంతా ఉత్తుత్తి డబ్బే కదా, ఎంత ఇస్తే మాత్రం కంపెనీకి ఏం పోయింది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ నెలకు వేరే వ్యాసం అనుకున్నాను గానీ ఈ ప్రశ్న చదివాక ఇంకేదీ రాయబుద్ధి కాలేదు.

ఆటలో పందెం గెలిస్తే క్రెడిట్లు వస్తాయి. వాటితో కార్లు కొంటాం. చాలకపోతే అసలు డబ్బు కట్టి క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఈ చిల్లర కొనుగోళ్లే మైక్రోట్రాన్సాక్షన్లు. ఆటలు తయారుచేసేవాళ్లు క్రెడిట్లు వచ్చే దారిని కుళాయి అంటారు, పోయే దారిని సింకు అంటారు. నన్నడిగితే మన చెరువే నయం. వాగు నుంచి నీళ్లొస్తాయి, తూములోంచి పోతాయి. అలుగు పారేంత నీళ్లొస్తే కొత్త కారు మీద ఆశే ఉండదు. చెరువు ఎండితే ఆడేవాడు విసిగి వదిలేస్తాడు.

ఈ లెక్క మహామహులకే తప్పింది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ కార్ల ఆట కాదు, వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే సాహసాల ఆట. దాని రూపకర్తలు అసలు వాగే అక్కర్లేదనుకున్నారు. లోకంలో ఉన్న సరుకు మొత్తం ఇంత అని ముందే కట్టేసి, వాడిన సరుకు మళ్లీ ఆ లోకంలోకే చేరేలా చక్రం తిప్పారు. ఊహగా ఎంత అందంగా ఉందో! ఆడేవాళ్లు మాత్రం దొరికిందల్లా ఇళ్లలో పోగేసుకున్నారు. చక్రం ఆగిపోయింది, ఆ పద్ధతినే వదులుకోవాల్సి వచ్చింది. మనిషి దాచుకుంటాడన్న సంగతి ఆ లెక్కలో లేదు.

ఇక పాఠకుడి ప్రశ్నకు అచ్చంగా సరిపోయే ఉదంతం గ్రాన్ టురిస్మో 7. జపాన్‌కు చెందిన పాలిఫొనీ డిజిటల్ తయారుచేసిన ఈ ఆట 2022 మార్చి 4న విడుదలైంది. అందులో ఫిషర్‌మన్స్ రాంచ్ అనే మట్టిబాట పందెం ఒకటుంది. మొదటి స్థానానికి 65,000 క్రెడిట్లు, ఎవరినీ గుద్దకుండా నడిపితే దానిమీద ఇంకో సగం, వెరసి 97,500. జనం ఆ మట్టిలోనే తిరిగారు, మళ్లీ మళ్లీ. రెండు వారాలు తిరక్కుండానే ఒక అప్‌డేట్ వచ్చి 65,000ను 30,000 చేసింది. అదే అప్‌డేట్‌లో దొర్లిన లోపంతో ఆట సర్వర్లు 30 గంటలకు పైగా మూతపడ్డాయి.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. క్రెడిట్లు అమ్మే దుకాణంలో 20 లక్షల కట్ట ధర 19.99 డాలర్లు. లోడింగుతో కలిపి పందేనికి 5 నిమిషాలు వేసుకుందాం. పాత రేటున 20 లక్షలు సంపాదించాలంటే 21 పందేలు, అంటే గంటా ముప్పావు. కొత్త రేటున గుద్దకుండా గెలిచినా వచ్చేది 45,000. కాబట్టి 45 పందేలు, మూడు ముప్పావు గంటలు. దుకాణంలో ధర చీటీని ఎవరూ ముట్టుకోలేదు. అయినా నిన్న గంటా ముప్పావు శ్రమను తప్పించిన అదే 20 డాలర్లు ఇవాళ మూడు ముప్పావు గంటల శ్రమను తప్పిస్తున్నాయి. వాగుకు అడ్డుకట్ట వేస్తే చాలు, తగ్గింపు ప్రకటించకుండానే కట్టలమ్మే దుకాణం చవకగా కనబడుతుంది. ఈ ఆటల ఆర్థికశాస్త్రంలో నన్ను కట్టిపడేసిన కిటుకు ఇదే. క్రెడిట్‌కు సొంత విలువంటూ లేదు, దాని వెనకున్నది ఆడేవాడి గంట.

ఈ ఆటలో 18.5 మిలియన్ క్రెడిట్లు, అంటే 1 కోటి 85 లక్షలు పలికిన మెక్‌లారెన్ ఎఫ్1కు ఇదే లెక్క వేస్తే 190 పందేలు కాస్తా 412 అయ్యాయి. డబ్బుతో తెచ్చుకోవాలంటే పెద్ద కట్టలు తొమ్మిది, 7,50,000ది ఒకటి, మొత్తం 189.90 డాలర్లు. పోనీ తర్వాత కొనొచ్చులే అనుకుంటే, అలాంటి అరుదైన కార్లు కొన్నాళ్లకు ఆటలోని కార్ల దుకాణంలోంచి మాయమై మళ్లీ ఎప్పుడో వస్తాయి.

ఆట సృష్టికర్త కజునోరి యమౌచి అప్పట్లో ఇచ్చిన వివరణ ఏమిటంటే, కార్లకు నిజ జీవితంలో ఉన్న విలువ, అరుదుదనం ఆటలోనూ ఉండాలని. కార్లను అంతగా ప్రేమించే మనిషి మాటను తేలిగ్గా తీసిపారేయలేను. కానీ అసలు ఎఫ్1లు లోకంలో 106 మాత్రమే తయారయ్యాయి. ఆటలోవి ఎన్నయినా పుడతాయి. డబ్బు ఎక్కువైతే ధరలు పెరిగిపోతాయన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. ఫోర్జా హొరైజన్ అనే మరో కార్ల ఆటలో ఆడేవాళ్లు ఒకరికొకరు కార్లు వేలం వేసుకుంటారు కనుక అక్కడ ఆ భయానికి అర్థముంది. గ్రాన్ టురిస్మో 7లో అమ్మేది కంపెనీ ఒక్కటే, ధర కట్టేదీ అదే. పైగా విడుదలైనప్పుడు మన కారును తిరిగి అమ్ముకునే వీలు కూడా లేదు. అది ఆ ఏడాది నవంబరులో గానీ రాలేదు.

జనం మండిపడ్డారు. యమౌచి క్షమాపణ చెప్పి, 10 లక్షల క్రెడిట్లు అప్పటికే ఆట కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. ఏప్రిల్ 7న వచ్చిన అప్‌డేట్‌తో బహుమతులు పెరిగాయి. ఆడి సంపాదించి దాచుకునే క్రెడిట్ల పరిమితి 2 కోట్ల నుంచి 10 కోట్లకు చేరింది. ఉత్తుత్తి డబ్బే కాబట్టి ముద్రించడానికి కంపెనీకి పైసా ఖర్చు కాలేదు. ఆ మాట పాఠకుడు సరిగ్గానే పట్టుకున్నారు.

తల్లిదండ్రులకు ఉపయోగపడే మాట ఒక్కటుంది. బ్యాంకు కార్డు వివరాలు పిల్లల గేమ్ కన్సోల్‌లో ఉంచకండి. ఇంత చక్కటి విషయం చివరికి ఈ హెచ్చరిక దగ్గరికి రావడం నాకు బాధే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఏప్రిల్ అప్‌డేట్ తర్వాతి సంగతి. లె మాన్ సర్క్యూట్‌లో 30 నిమిషాల పందేనికి 5,50,000, గుద్దకుండా గెలిస్తే 8,25,000. అంటే ఎఫ్1కు 23 పందేలు, పదకొండున్నర గంటలు. మట్టిబాటలో గిరగిరా తిరిగినవాళ్లు ఇప్పుడు పొడవాటి తిన్నటి రోడ్డు మీద ఇంధనం లెక్క చూసుకుంటూ, మబ్బు పడితే వాన టైర్లకు ఏ ల్యాప్‌లో ఆగాలా అని తర్జనభర్జన పడుతూ నడుపుతున్నారు.