క్రాషెయూవ్ శిలాజ క్షేత్రం

క్రాషెయూవ్ పోలండ్ దేశపు నైరుతి భాగంలో, ఒపోలె నగరానికి తూర్పున, ఓజిమెక్ పట్టణానికి సమీపంలో ఉన్న ఒక గ్రామం. ఇచటి పాత బంకమట్టి గనిలో ట్రయాసిక్ యుగానికి చెందిన సరీసృపాల, ఉభయచరాల శిలాజాలు పెద్ద సంఖ్యలో లభించినవి. యూరప్ ఖండంలో ఈ యుగపు వెన్నెముక గల జీవులకు సంబంధించిన ముఖ్యమైన క్షేత్రాలలో ఇది ఒకటి. తెలంగాణలోని మలేరి శిలలలో దొరికిన శిలాజాలతో ఇచటి జీవులకు దగ్గరి పోలిక ఉండుట తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం.

ట్రయాసిక్ యుగం

భూమి చరిత్రలో సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరాల క్రితం మొదలై, 20 కోట్ల 10 లక్షల సంవత్సరాల క్రితం ముగిసిన కాలాన్ని ట్రయాసిక్ యుగం అంటారు. దీని ఆరంభానికి ముందు ఒకటి, చివర ఒకటి చొప్పున రెండు మహా వినాశనాలు సంభవించినవి. ఈ రెంటి నడుమనే మొసళ్ళ పూర్వీకులు, రాక్షసబల్లులు, తొలి క్షీరదాల వంటి జీవులు అవతరించినవి. అప్పటికి ఖండాలు విడిపోలేదు. భూభాగమంతా పాంజియా అనే ఒకే మహాఖండంగా ఉండేది. క్రాషెయూవ్ జీవులు ఈ యుగపు చివరి భాగానికి చెందినవి. వీటి వయస్సు కార్నియన్ దశకు చెందుతుందని కొందరు, తరువాతి నోరియన్ దశకు చెందుతుందని మరికొందరు శాస్త్రజ్ఞులు వాదిస్తున్నారు.

గని - తవ్వకాలు

ఇచటి బూడిద, ఎరుపు రంగుల మట్టిని సిమెంటు తయారీకి ముడిపదార్థంగా తవ్వేవారు. సున్నపురాయితో బంకమట్టిని కలిపి, పొడిచేసి, కొలిమిలో కాల్చితే సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారవుతుంది. అనగా యంత్రం పైకెత్తిన మట్టిలో ఎముకలుంటే అవి కూడా మట్టితో పాటు సిమెంటులో కలిసిపోవలసినదే. అయితే ఆ యంత్రాలు భూమిని చీల్చకపోతే, పొలాల కింద, అడవి కింద ఉన్న ఈ పొరలు బయటపడేవే కావు. గని తవ్వకం శిలాజాలను వెలికి తెచ్చినది, నాశనమూ చేసినది. కావున ఇటువంటి చోట శాస్త్రజ్ఞులు గని పనితో పోటీపడి ఎముకలను కాపాడవలసి ఉంటుంది.

1993లో వార్సాలోని పోలిష్ విజ్ఞాన అకాడమీకి చెందిన పురాజీవశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞుడు యెజీ జిక్, ఆయన సహచరులు ఇచట పరిశోధన ప్రారంభించారు. తరువాత ఒపోలె విశ్వవిద్యాలయం వారు కూడా తవ్వకాలు జరిపారు. ఎముకలు ముఖ్యంగా రెండు పొరలలో లభించినవి. కింది పొరలో నీటిలో నివసించిన జీవులు, పై పొరలో నేలపై తిరిగిన జీవులు ఎక్కువ.

ఇన్ని ఎముకలు ఒకే చోట ఎలా చేరినవన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. అది ఒక సరస్సు అని, అందులో, దాని ఒడ్డున చనిపోయిన జీవులు అడుగున పేరుకున్నవని జిక్, తోమాష్ సూలెయ్ అభిప్రాయం. ఒక పెద్ద వరద వేర్వేరు చోట్ల ఉన్న ఎముకలను కొట్టుకు వచ్చి ఇచట వదిలినదని మరికొందరి వాదన. మొదటిది నిజమైతే ఈ జీవులన్నీ కలిసి జీవించినవని చెప్పవచ్చును. రెండవది నిజమైతే అలా నిశ్చయించుటకు వీలులేదు.

ఉభయచరాలు

ఈ క్షేత్రంలో అత్యధికంగా లభించినది మెటోపోసారస్. బల్లపరుపైన వెడల్పాటి పుర్రె, ముట్టెకు దగ్గరగా ముందు వైపున ఉన్న కళ్ళు, పొట్టి కాళ్ళు దీని లక్షణాలు. ఇది నీటిలోనే ఎక్కువ కాలం గడిపి చేపలను వేటాడేది. క్రాషెయూవ్ జంతువును 2002లో సూలెయ్ ఒక ఉపజాతిగా వర్ణించగా, 2015లో అది మెటోపోసారస్ క్రాసియెయోవెన్సిస్ అనే ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందినది. దీని ఎముకలను పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచినపుడు, చెట్టు కాండంలోని వలయాల వంటి పెరుగుదల గుర్తులు కనిపించినవి. వాటిని బట్టి అచట వర్షకాలం, ఎండాకాలం ఒకదాని తరువాత ఒకటి వచ్చేవని తెలియుచున్నది. సైక్లోటోసారస్ అనే మరొక పెద్ద ఉభయచరం కూడా లభించినది గాని, అది అరుదు.

ఈ రెండూ నేటి కప్పల వలె ఉండేవి కావు. టెమ్నోస్పాండిల్ అనే అంతరించిన వర్గానికి చెందినవి. చూపులకు మొసలికీ సాలమాండర్‌కూ నడుమ ఉన్నట్లుండేవి.

సరీసృపాలు

* పారాసుకస్: మొసలిని పోలిన ఫైటోసార్ వర్గపు జీవి. ముట్టె పొడవైనది. మొసలికి నాసికా రంధ్రాలు ముట్టె కొనన ఉండగా, దీనికి కళ్ళకు సమీపంలో ఉంటాయి. రెండింటి పోలిక ఒకే విధమైన జీవనం వలన వచ్చినదే.
* స్టాగోనోలెపిస్: వీపున ఎముక పలకల కవచం గల జంతువు. ముట్టెతో నేలను తవ్వి ఆహారం సంపాదించేది.
* పోలోనోసుకస్: ఇచటి నేలజీవులలో అతి పెద్ద మాంసాహారి. 2005లో దీనిని టెరాటోసారస్‌గా వర్ణించగా, 2009లో ఈ కొత్త పేరు ఇవ్వబడినది.
* ఓజిమెక్: సన్నని, పొడవైన ఎముకలు గల చిన్న సరీసృపం. 2016లో జిక్, సూలెయ్ దీనిని వర్ణించి, సమీప పట్టణం పేరు పెట్టారు. చర్మపు పొర సాయంతో గాలిలో జారుతూ ప్రయాణించేదని వారి అభిప్రాయం.
* సైలీసారస్: 2003లో జిక్ వర్ణించిన ఈ జంతువు క్షేత్రానికే ఖ్యాతి తెచ్చినది. పొడవు సుమారు 2.3 మీటర్లు. కింది దవడ కొన ముక్కు వలె ఉండేది.

సైలీసారస్ రాక్షసబల్లులకు అతి దగ్గరి బంధువు. ఇది వాటి వర్గానికి వెలుపల ఉన్నదా, లేక పక్షిశ్రోణి గల రాక్షసబల్లులకు తొలి రూపమా అన్నది నేటికీ తేలలేదు. రాక్షసబల్లుల వంశవృక్షపు మొదలును ఎక్కడ గీయాలన్నది ఈ ప్రశ్నపై ఆధారపడి ఉన్నది.

శిలాజ మలంలో పురుగులు

ఎముకలతో పాటు జంతువుల మలం కూడా శిలాజంగా మారి లభించినది. సైలీసారస్‌దిగా భావించే అట్టి ముక్కలను ఫ్రాన్సులోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ కేంద్రంలో శక్తివంతమైన ఎక్స్-కిరణాలతో పగులగొట్టకుండానే పరీక్షించగా, లోపల పెంకు పురుగుల భాగాలు కనిపించినవి. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు గల ఒక పురుగు కాళ్ళు, స్పర్శశృంగాలతో సహా చెడకుండా ఉన్నది. 2021లో దానికి ట్రయామిక్సా అని పేరు పెట్టారు. శిలాజ మలం నుండి ఒక కీటక జాతిని వర్ణించుట ఇదే మొదటిసారి.

తెలంగాణతో పోలిక

పారాసుకస్ అనే పేరు భారతదేశం నుండి వచ్చినదే. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత-గోదావరి లోయలోని మలేరి శిలలలో లభించిన ఫైటోసార్‌కు పారాసుకస్ హిస్లోపి అని పేరు. 19వ శతాబ్దంలో మధ్య భారతంలో శిలాజాలు సేకరించిన మతబోధకుడు స్టీఫెన్ హిస్లోప్ జ్ఞాపకార్థం ఆ పేరు వచ్చినది. పోలండ్ జంతువును మొదట పేలియోరైనస్ అనేవారు. 2016లో జరిగిన పునఃపరిశీలనలో ఆ పేరు గల జంతువులు పారాసుకస్‌లో చేర్చబడినవి. మలేరిలో మెటోపోసారస్‌కు బంధువైన ఉభయచరం కూడా ఉన్నది. 1965లో దానిని మెటోపోసారస్ మలేరియెన్సిస్ అన్నారు. 2019లో పాంథాసారస్ అనే ప్రత్యేక ప్రజాతిగా విడదీశారు.

వేల కిలోమీటర్ల దూరంలోని రెండు చోట్ల ఇంత దగ్గరి జీవులు ఉండుటకు కారణం పాంజియా. సముద్రం అడ్డులేనందున నేలపై, నదులలో తిరిగే జీవులు ఖండమంతటా వ్యాపించగలిగినవి.

సంరక్షణ

నేడు గనిలో ఎముకలు లభించిన చోట ఒక ప్రదర్శనశాల ఉన్నది. సందర్శకులు ఎముకలను అవి దొరికిన స్థితిలోనే చూడవచ్చును. పక్కనే రాక్షసబల్లుల నమూనాలు గల జురాపార్క్ 2010లో ప్రారంభమైనది. ఎముక ఏ పొరలో, ఏ దిశలో, వేటి పక్కన పడి ఉన్నదో తెలియకుండా బయటికి తీస్తే, సరస్సా, వరదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే సాక్ష్యం పోతుంది. గనులలోనైనా, పొలాలలోనైనా శిలాజం కనిపించినపుడు దానిని కదల్చక నిపుణులకు తెలియజేయవలెననుటకు ఇదే కారణం.