కొనువారికి ఏమి కావలయునో తెలిసికొను విధము



పట్టణములలో ఆరోగ్యకరమైన ఆహారమును గూర్చిన చింత నానాటికి హెచ్చుచున్నది. జొన్నలు, కొర్రలు, ఆకుకూరలు పండించు సంఘమునకు, చేతిఫోనులో పనిచేయు యాపు నొకదానిని చేయించి, ఏమి తినవలయునో పట్టణవాసులకు తెలుపుచు తన పంటను విక్రయింపవలెనను తలంపు కలుగుట సహజము. తలంపు మంచిదే. కాని యాపునకు పెట్టు ధనము సభ్యుల వాటాధనము. దానిని నమ్మి వేసిన తోటకూర కొనువారు లేనిచో మరునాటికే వాడిపోవును. కావున యాపు కట్టకమునుపే కొనువారిని విచారించు పద్ధతిని ఇచట వివరించుచున్నాము.

ఉదాహరణమునకు ఉప్పల్, నాచారములను తీసికొందము. వరంగల్లు, భువనగిరి దిక్కునుండి బస్సులో వచ్చువారికి ఉప్పల్ కూడలి సుపరిచితమే. 2007లో ఉప్పల్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసెను. 2017 నవంబరులో అచటికి మెట్రోరైలు వచ్చెను. నాచారమున కర్మాగారములును, కార్మికుల ఈ.ఎస్.ఐ. ఆసుపత్రియు కలవు. రాత్రిపాళి ముగించుకొని వచ్చు కార్మికుడు, మెట్రోలో పనికి పోవు ఉద్యోగిని, అద్దెగదిలో వండుకొను విద్యార్థి, చక్కెరవ్యాధి గల వృద్ధుడు, వీరందరును ఆ త్రోవలనే కానవత్తురు. వీరికి కావలసినది ఒకటి కాదు. ఎవరికి అమ్మదలచితిమో మొదట నిర్ణయించుకొననిచో విచారణ యంతయు కలగాపులగ మగును.

"ఆరోగ్యమునకు మంచి ఆహారమును తెలుపు యాపు చేసినచో మీరు వాడుదురా?" అని యడిగి చూడుడు. పదిమందిలో తొమ్మండుగురు "తప్పక వాడుదుము" అందురు. ఇంటికి వచ్చినవారిని నొప్పించుట మనవారి యాచారము గాదు. ఆ మర్యాదను గిరాకియని భ్రమించి ఎకరము విత్తినచో నష్టము మనదే.

ఈ విషయమున మనకు దారి చూపదగిన సంస్థ ఆ సమీపముననే, తార్నాకలో నున్నది. 1918లో రాబర్టు మెకారిసన్ కూనూరున బెరిబెరి వ్యాధి విచారణకై ఆరంభించిన చిన్నశాఖ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. ఆహారపరిశీలనకు పోవునపుడు ఆ సంస్థవారు "మీరు మంచి ఆహారము తినుచున్నారా?" అని యడిగి ఊరకుండరు. గడచిన ఇరువదినాలుగు గంటలలో ఇంట ఏమి వండిరి, ఎవరెంత తినిరి అని యడిగి, కొలతపాత్రలను ముందుంచి చూపుమందురు. రేపటి సంకల్పమును ఎట్లయినను చెప్పవచ్చును. నిన్న తిన్న అన్నమునకు లెక్క కలదు.

మనమును అట్లే యడుగవలయును. "అమ్మా, నిన్న ఉదయమునుండి రాత్రివరకు ఏమేమి తింటిరి? ఎవరు వండిరి? కూరగాయలు ఎచట, ఎంతకు కొంటిరి? కొనదలచి మానిన దేమైన కలదా?" ఇంట వ్యాధిగ్రస్తు లున్నచో "వైద్యుడు ఏమి మానుమనెను? మానగలిగితిరా? లేనిచో అడ్డమేమి?" అని యడుగవలయును. ఈ కడపటి ప్రశ్నకు వచ్చు సమాధానమే మిక్కిలి విలువైనది. అన్నము తగ్గింపుమని వైద్యుడు చెప్పెను, ఇంట జొన్నరొట్టె తట్టగలవారు లేరు అని ఒకరు చెప్పిరనుకొందము. వారికి పోషకముల పట్టిక యెందుకు? రొట్టె చేసి యిచ్చువారో, సులభముగ వండుకొను జొన్నరవ్వయో కావలయును. ఇట్టి సమాధానములే పెక్కు వచ్చినచో సంఘము యాపునకు ముందు రవ్వమరను గూర్చి యాలోచింపవలయునని మా యభిప్రాయము.

ఇదివరకు ఇట్టి యాపును ఫోనులో దింపుకొనిరా, ఎన్నిదినములు వాడిరి, ఏల మానిరి అనియు అడుగుడు. కొలతల చిక్కు తరచుగ ఇచటనే బయటపడును. పై సంస్థ 2017లో ప్రకటించిన ఆహారపట్టికలలో 528 ఆహారపదార్థముల పోషకవిలువలు నూరుగ్రాముల లెక్కన కలవు. శాస్త్రమునకు అది కావలసినదే. కాని గృహిణి పప్పును గరిటెతో వడ్డించును గాని తూచి వడ్డింపదు. గ్రాములు వ్రాయుమని ప్రతిపూట యడుగు యాపును ఆమె ఎన్నాళ్లు భరించును? ఇంటివారు గరిటె, గిన్నె, గ్లాసులలో ఎట్లు చెప్పిరో అట్లే వ్రాసికొని రావలయును.

అదే సంస్థ 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో, రెండువేల క్యాలరీల దినభోజనమునకు 400 గ్రాముల కూరగాయలు చెప్పబడినవి. ఆ లెక్కన నలుగురు పెద్దవారున్న ఇంటికి దినమునకు 1,600 గ్రాములు. ఆ యిల్లు నిజముగ కొనునది ఎంతయో తెలిసినచో తక్కువ యెంతయో తెలియును. ఆ తక్కువ ధరవలననా, ఆకుకూర ఏరుటకు తీరిక లేకయా, పిల్లలు తినకయా అనునది అడిగిననే గాని తెలియదు.

వంటవేళ పోరాదు. ఖరీదైన ఫోను గలవారినే ఎన్నుకొనరాదు. నాచారమున హిందీ మాటలాడు కార్మికులును కలరు గాన ఆ భాష వచ్చినవాడొకడు వెంట నుండవలెను. ఒక్కొక్క తరగతిలో పది పండ్రెండుగురిని విచారించి, విన్నమాటలే మరల వినబడుచున్నచో అంతటితో చాలింపవచ్చును. ఒకరి రోగము మరియొకరికి తెలుపరాదు. ఫోనులలో నెక్కించు సొంతవివరములకు సమ్మతి ముఖ్యమని 2023 నాటి చట్టము చెప్పుచున్నది.

ఇంత చేసినను మాట మాటయే. పిమ్మట ముప్పది యిండ్లను ఎన్నుకొని, యాపు లేకయే వాట్సాపులో కోరికలు తీసికొని, వారమునకొక సంచి చొప్పున నాలుగు వారములు పంపవలయును. సొమ్ము ముందుగ తీసికొనుడు. ఉచితముగ నిచ్చినచో ఏమియు తెలియదు. మూడవ వారమున మరల చెల్లించినవారి యిండ్లకును, మానినవారి యిండ్లకును పోయి, ఏది వండుకొనిరో, ఏది విప్పకయే మూలనుంచిరో చూచి, ఆ లెక్కను సర్వసభ్య సమావేశమున చదివి వినిపించిన పిదపనే యాపు నిర్మించువారితో బేరమాడవలయును.