ద్రవాన్ని తాకే పొర: ట్రాన్సిస్టర్ జీవసంవేదకం కథ

ట్రాన్సిస్టర్‌లో సోర్సు, డ్రెయిను అనే రెండు కొనల మధ్య పారే విద్యుత్తును, పలుచని ఆక్సైడ్ పొర మీద ఉండే గేటు అనే లోహపు పూతకు ఇచ్చే వోల్టేజీ అదుపు చేస్తుంది. ఆ లోహాన్ని తీసివేసి ఆక్సైడ్‌ను నేరుగా ద్రావణంలో ముంచితే, ద్రావణంలోని అయాన్లే విద్యుత్తును అదుపు చేస్తాయని నెదర్లాండ్స్‌లోని ట్వెంటెలో పనిచేసిన పీట్ బెర్గ్‌వెల్డ్ 1970లో ప్రకటించారు. నాడీ వ్యవస్థలో అయాన్ల కదలికను కొలవాలన్న ఉద్దేశంతో ఆయన రూపొందించిన ఈ 'ఇస్ఫెట్' నుంచే, వ్యాధిని సూచించే అణువుల ఉనికిని విద్యుత్ సంకేతాలుగా మార్చి చూపే నేటి ట్రాన్సిస్టర్ జీవసంవేదకాలు పుట్టాయి. ట్రాన్సిస్టర్ అప్పటికే సిద్ధంగా ఉంది కనుక, ఆ తర్వాతి చరిత్ర ప్రధానంగా ద్రవాన్ని తాకే పొర కోసం సాగిన అన్వేషణే.

ఆక్సైడ్ ఉపరితలం ద్రావణపు ఆమ్లతను బట్టి హైడ్రోజన్ అయాన్లను గ్రహించడమో వదలడమో చేస్తుంది కాబట్టి దాని విద్యుదావేశం మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ ఒక యూనిట్ మారినప్పుడు వోల్టేజీలో వచ్చే మార్పుకు సిద్ధాంతరీత్యా హద్దు సుమారు 59 మిల్లీవోల్టులు. మొదట వాడిన సిలికాన్ డయాక్సైడ్ ఈ హద్దుకు చాలా దిగువనే ఆగిపోవడమే గాక, నీటిలో నానేకొద్దీ కొలతలో నిలకడ కోల్పోయేది. సిలికాన్ నైట్రైడ్, అల్యూమినియం ఆక్సైడ్ ఆ లోపాన్ని తగ్గించగా, టాంటలం పెంటాక్సైడ్ హద్దుకు దాదాపు చేరువైంది. 1980లో పరిశోధకులు కరాస్, జనాటా గేటు మీద పెన్సిలిన్‌ను ఛేదించే ఎంజైమును పూసి, ఆ చర్యలో పుట్టే ఆమ్లం ద్వారా పెన్సిలిన్‌ను గుర్తించడంతో ఈ పరికరం అయాన్లను దాటి జీవరసాయనాల వైపు నడిచింది.

అయితే అసలైన అడ్డంకి రక్తంలోని లవణమే. ప్రతి విద్యుదావేశం చుట్టూ వ్యతిరేక అయాన్లు గుమిగూడి దాన్ని కప్పివేయడం వల్ల, దాని ప్రభావం ఒక నానోమీటరు లోపే అణగిపోతుంది. ఈ దూరాన్నే డిబై దూరం అంటారు. యాంటీబాడీ పొడవే దాదాపు 10 నానోమీటర్లు కాబట్టి, దాని చివర చిక్కిన ప్రోటీన్ ఆవేశం ట్రాన్సిస్టర్‌కు అందదు. 2001లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం వాడిన సిలికాన్ నానోతీగలు, ఆపై వచ్చిన గ్రాఫీన్ తమ పదార్థంలో అధిక భాగాన్ని ఉపరితలంగానే నిలిపి సున్నితత్వాన్ని పెంచినా, ఈ అడ్డును మాత్రం తొలగించలేదు.

2018లో అమెరికా పరిశోధకులు కొద్ది నానోమీటర్ల మందం గల ఇండియం ఆక్సైడ్ పొర మీద ఆప్టమర్లు అనే పొట్టి డీఎన్ఏ పోగులను అమర్చారు. లక్ష్య అణువు తగలగానే పోగు ఆకృతి మారి, దాని సొంత రుణావేశం ఉపరితలానికి దగ్గరగానో దూరంగానో జరుగుతుంది కాబట్టి, సెరటోనిన్, డోపమిన్ వంటి చిన్న అణువులు కూడా శరీరద్రవాలంత లవణం ఉన్న ద్రావణంలోనే గుర్తింపుకు వచ్చాయి. కొత్త పదార్థానికి విలువ కట్టవలసింది పలుచన చేసిన శుద్ధ ద్రావణంలోని సున్నితత్వాన్ని బట్టి కాదు; రోగి రక్తంలో అది నిలకడగా పనిచేసే తీరును బట్టి మాత్రమే.