పసుపు బాయి దిగుతదా?

రారి పిల్లలూ, అరుగు మీద జరంత జరిగి కూసోండి. నాయనమ్మ పసుపు పాలు ఇచ్చిందా? ఇచ్చేటప్పుడు "తాగు బిడ్డా, తెలివి పెరుగుతది" అన్నదా? తెలివి సంగతి ఏమో గని, ఆ పసుపుతోని శాస్త్రవేత్తలు ఏండ్లకేండ్లుగ కుస్తీ పడుతున్నరు.

పక్క క్వార్టర్ల సర్దార్ తాత యాదికున్నడా? ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చీకట్ల తొవ్వ తప్పనోడు, ఆఖరికి పట్టపగలు మార్కెట్ నుంచి ఇల్లు మరిచిండు. బువ్వ తిని చెయ్యి కడుక్కొని, "ఇంకా పెట్టలేదే" అనేటోడు. అది ఉత్త ముసలి మతిమరుపు కాదు, అల్జీమర్స్. 1906ల జర్మనీల అలోయిస్ అల్జీమర్ అనే డాక్టర్, సచ్చిపోయిన ఒకామె మెదడు ఎట్లున్నదో లోకానికి చెప్పిండు. ఆయన పేరే జబ్బుకు పెట్టిండ్రు.

ఏమైతదంటే, బాయిల టబ్బులకు పట్టాలున్నట్టు మెదడు కణంల గూడ సరుకు మోసే సన్నటి పట్టాలుంటయి. వాటిని పట్టి ఉంచే స్లీపర్ల లెక్క టావు అనే ప్రొటీన్. అది ఊడి చిక్కులు పడ్డదనుకో, టబ్బు పట్టా తప్పినట్టే. కణాల బయటేమో అమిలాయిడ్ అనే ఇంకో ప్రొటీన్, అడుగంటిన గంజి లెక్క ముద్దలు కడుతది.

ఇగ పసుపు కాడికి వద్దాం. మన పొరుగున్న నిజామాబాద్ పసుపుకు ఎంత పేరంటే, 2025 జనవరిల జాతీయ పసుపు బోర్డే అక్కడ పెట్టిండ్రు. కొమ్ముల నూటికి మూడు పాళ్లు అటిటుగ కర్కుమిన్ ఉంటది. రంగు దానిదే. సున్నం తగిలితే ఎర్రగయ్యేది గూడ అదే. హారతి పళ్లెంల ఎర్రనీళ్లు చూసిండ్రు కదా! చీరకు అంటుకున్నట్టే ఈ కర్కుమిన్ గాజు గొట్టంల అమిలాయిడ్ ముద్దకు పోయి అంటుకుంటది, అంటుకున్న కాడ మెరుస్తది. కొత్త ముద్ద కట్టకుండ అడ్డం గూడ పడుతది. జబ్బు పెట్టిన ఎలుకలకు తినిపిస్తే ముద్దలు తగ్గినయి. గది చూసి అందరికి పెద్ద ఆశ!

మరి మనుషులకో? అమెరికాల 36 మంది రోగులకు 24 వారాలు, రోజుకు నాలుగు గ్రాముల దాక ఇచ్చి చూసిండ్రు. 2012ల లెక్క తేలింది, గుణం కనవడలే.

ఎందుకో బాయి లెక్కన చెప్త. నేను పనికి పోయేటప్పుడు, బాయి దిగే ముందు మా జేబులు తడుముతుండె. బీడీ, అగ్గిపెట్టె ఉంటే అక్కడ్నే ఆపుడు. లోపల గ్యాస్ ఉంటది కదా. మెదడు రక్తనాళాల గోడలు గూడ గట్లనే తనిఖీ చేస్తయి, అన్నింటిని రానియ్యవు. అసలు కర్కుమిన్ గేటు దాక వచ్చుడే కష్టం. నీళ్లల్ల కరగదు, పేగుల్ల సరిగ ఇంకదు, ఇంకిన జరంత గూడ కాలేయం మార్చి బయటికి తోస్తది. పసుపు మరక ఎండలేస్తే ఎగిరిపోతది చూడుండ్రి, గంత నాజూకుది. 1998ల బెంగళూరోళ్లు మిరియాల సారం కలిపి ఇస్తే రక్తంల 20 రెట్లు ఎక్కువ నిలిచింది. మీ నాయనమ్మ పాలల్ల మిరియం దంచి వేసుడు ఉత్తగ కాదు! కాని రక్తంలకు వస్తే గేటు కాడికి వచ్చినట్టే, దిగినట్టు కాదు.

నిజంగ దిగినది ఇంకోటుంది. స్నోడ్రాప్ అని చలిదేశంల మంచుల పూసే తెల్లపువ్వు. 1950లల్ల ఆ జాతి మొక్కల నుంచి గాలంటమిన్ తీసిండ్రు, 2001ల అమెరికాల అల్జీమర్స్ మందయింది. కణం సచ్చుడును ఆపదు గని, కణం నుంచి కణానికి కబురు మోసే రసాయనం తొందరగ విరగకుండ కాస్తది. కొంతకాలం ఆసరా, అంతే.

పసుపు బంద్ చేద్దామంటవారా? అట్లనకు, కూరకు పసుపు లేకుంటెట్ల! పొడి మాత్రం మరీ మిలమిల మెరిస్తే కొనొద్దు. రంగు కోసం సీసం ఉన్న పొడి కలిపేటోళ్లున్నరు, సీసమేమో మెదడుకే చేటు. కొమ్ములు తెచ్చి గిర్నీల పట్టించుకుందాం.

అగో, నీ గ్లాసు అడుగున పసుపంత అట్లనే ఉంది. కరగదని ఇప్పుడే చెప్తి కదరా, తిప్పి తాగు.